సుశీల వంతు రొట్టె

నవంబరు రెండు, శనివారం, సాయంత్రం ఆరు గంటలు. చంద్రపూర్‌లో మా ఇంట్లో గృహ ప్రార్థన కూటం. హాజరైనవారు: పాస్టరుగారు, ఆయన భార్య, నా బావమరిది ఏలియా, మరో ఇద్దరు సంఘ పెద్దలు, స్త్రీల సమాజం వారు నలుగురు, మా అమ్మాయి సునీత, నా భార్య సుశీల, నేను. మొత్తం పన్నెండు మంది.

నా డైరీలో ఈ వివరాల కింద ఒక్క వాక్యమే ఉంది: "సుశీల రెండో చరణం దగ్గర ఆగింది."

మా కూటాల్లో పాట ఎత్తుకునేది సుశీలే. నలభై ఏళ్లుగా అంతే. ఆ సాయంత్రం మొదటి చరణం అయింది. రెండోదాని మధ్యలో ఆమె గొంతు వినిపించలేదు. మిగతావాళ్లం పాడుతూనే పోయాం. ఆమె గోడకు చెయ్యి ఆనించి నిలబడి ఉంది. కూటం ముగిశాక అడిగాను.

"ఏం లేదు. దమ్ము అందలే. పొద్దుగాల పిండి పిసికేటప్పుడు గూడ గిట్లనే అయింది," అంది.

ఆ పిండి మర్నాటి కోసం. నెలలో మొదటి ఆదివారం మా సంఘంలో ప్రభు బల్ల, యేసును తలుచుకుంటూ రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆచారం. ఆ రోజు అందరికీ పంచే రొట్టె సుశీల చేసేది. గోధుమపిండి, చిటికెడు ఉప్పు, నీళ్లు. పెనం మీద నుంచి తీశాక బొటనవేలితో అంచు చుట్టూ తడిమి చూసేది. ఎక్కడైనా మాడినట్టు తగిలితే ఆ రొట్టె మేం ఇంట్లో తినేవాళ్లం, మందిరానికి మరొకటి చేసేది. దాన్ని ముక్కలు కోసే పని నాది. మా సంఘంలో బల్ల తీసుకునేవారు అరవై నాలుగు మంది. అరవై నాలుగు ముక్కలు కోసి, పళ్లెం పట్టుకుని వరుసల మధ్య నడిచేవాణ్ణి. ఏదైనా ముక్క మిగిలితే ఇంటికి తీసుకుపోకూడదు, పారేయకూడదు. సంఘ పెద్దలే తినాలి. ఇది మాకు ముందున్నవాళ్లు పెట్టిన పద్ధతి.

నేను బొగ్గు గనిలో ముప్పై నాలుగేళ్లు వెంటిలేషన్ సెక్షన్‌లో పనిచేసి రిటైరయ్యాను. గని లోపల ఏ దారిలో ఎంత గాలి నడుస్తోందో మీటరుతో కొలిచి రిజిస్టరులో రాయడం నా డ్యూటీ. పద్దెనిమిదో ఏట నుంచి డైరీ రాస్తున్నాను. పదహారేళ్లు సంఘ పెద్దగా, కార్యదర్శిగా ఉన్నాను. ఈ మూడూ చెప్పడానికి కారణముంది. నేను చేసిన పొరపాటు ఈ మూడింటి నుంచే వచ్చింది.

మొదటి నెల రోజులు దగ్గు మందులతో గడిచాయి. చంద్రపూర్‌లో దగ్గు రాని ఇల్లు ఏముంది, ధూళి అనుకున్నాం. డిసెంబరులో మెట్లెక్కి మేడ మీద బట్టలు ఆరేయలేకపోయింది. ఛాతీ డాక్టరు దగ్గరకు తీసుకుపోయాను. ఆయన వీపు మీద స్టెతస్కోప్ పెట్టి చాలాసేపు విన్నాడు. తర్వాత బీపీ చూసే పట్టీని ఆమె చెవి దగ్గర పెట్టి చర్రున విప్పాడు. "ఆజీ, మీ లంగ్స్‌లో నాకు ఈ చప్పుడు వినిపిస్తోంది," అన్నాడు హిందీలో. ఆజీ అంటే మరాఠీలో అవ్వ. గోళ్లు చూశాడు. అవి గుండ్రంగా ఉబ్బి ఉన్నాయని అప్పటిదాకా నేను చూడలేదు. ఇంట్లో పావురాలు ఉన్నాయా, కట్టెల పొయ్యి మీద ఎన్నేళ్లు వండింది, గనిలో పనిచేసిందా అని వరుసగా అడిగాడు.

"గనిల దిగింది ఈయన," అంది సుశీల నన్ను చూపిస్తూ. "నేను డబ్బ కట్టిచ్చిన."

నాగ్‌పూర్‌లో హెచ్.ఆర్.సి.టి. స్కాన్ తీశారు. స్పైరోమెట్రీ అనే పరీక్షలో గొట్టంలోకి గట్టిగా ఊదమన్నారు. మూడుసార్లు ఊది మూడోసారి ఏడ్చింది. డాక్టరు ఫిలిం వెలుతురుకు పెట్టి తేనెతుట్టెలా కనిపించే చోటు చూపించాడు. పల్మనరీ ఫైబ్రోసిస్. ఊపిరితిత్తులు మచ్చకట్టి గట్టిపడుతున్నాయి. ఎందువల్ల అని అడిగితే ఇడియోపాథిక్ అన్నాడు. కారణం తెలియదని దాని అర్థమట. "మందు దీన్ని తగ్గించదు, వేగం తగ్గిస్తుంది," అన్నాడు. ముప్పై నాలుగేళ్లు బొగ్గు పొడి మధ్య తిరిగిన నా ఎక్స్-రే శుభ్రంగా ఉంది.

పిర్ఫెనిడోన్ మాత్రలు మొదలయ్యాయి. వాటితో వాంతులు, ఎండలోకి వెళ్తే చేతులు ఎర్రబారడం. వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటర్ కొన్నాను. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం రక్తంలో ఆక్సిజన్ శాతం, అంటే సాచురేషన్, ఎంతుందో డైరీలో రాశాను. అంకె చూసి ఆమెకు పైకి చదివి చెప్పేవాణ్ణి. తొంభై, ఎనభై తొమ్మిది, ఎనభై ఏడు. అంకె తగ్గినట్టు వింటే ఊపిరి ఇంకా ఎగబీల్చేది. "ఆ డబ్బ నాకు సూపియ్యకు, సునీత నాయినా," అని బతిమాలింది. అయినా రోజుకు మూడుసార్లు చూశాను.

జబ్బు కన్నా భయం ఎక్కువ కష్టపెట్టిందని ఇప్పుడు అనుకుంటాను. జనవరిలో ఒకరోజు స్నానాలగదిలో ఊపిరి అందక అలాగే నిలబడిపోయింది. చెంబు చేతిలోనే ఉంది. దాన్ని కింద పెట్టాలన్న ధ్యాస కూడా లేదు. నేను తలుపు తోసి వెళ్లేసరికి కళ్లు పెద్దవి చేసి నన్ను చూస్తోంది, గుర్తు పట్టనట్టు.

ఫిబ్రవరిలో హాస్పిటల్ ఫిజియోథెరపిస్టు, చిన్న మరాఠీ అమ్మాయి, ఊపిరి తీయడం నేర్పింది. పెదాలు సన్నగా చేసి, ఎదురుగా దీపం ఉందనుకుని, అది ఆరకుండా కదిలేటట్టు ఊదాలి. రోజూ ఇరవై నిమిషాలు కళ్లు మూసుకుని నిమ్మళంగా కూర్చోవాలి. "ఒంటరిగా కాదు ఆజీ, నలుగురితో కూర్చోండి. భయం రాదు," అని చెప్పింది.

మా పక్కింటి శోభాతాయి భర్త భద్రావతి ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాడు. వాళ్లు బౌద్ధులు. మా వీధి చివర వాళ్ల విహార్, అంటే బౌద్ధ మందిరం, ఉంది. పొద్దున ఏడెనిమిది మంది ఆడవాళ్లు అక్కడ కళ్లు మూసుకుని ఊపిరిని గమనిస్తూ కూర్చుంటారు. శోభాతాయి ఈ మాట విని, "మరి మాతో రా," అంది. సుశీల వెళ్లింది. మొదటి రోజే వచ్చి నాకు చెప్పింది.

"శోభక్కతోటి విహార్‌ల కూసున్న. ఒక్కసారి గూడ దగ్గు రాలే."

నేను ఆ రోజు డైరీలో ఇలా రాశాను: "ఉదయం వాకింగ్, శోభాతాయితో."

ఎందుకలా రాశానో నాకు తెలుసు. అంతకు నాలుగేళ్ల ముందు సంఘ పెద్దల సభలో ఒక తీర్మానం చేశాం. మన విశ్వాసులు యోగా క్లాసులకు, ఇతర మతాల ధ్యానాలకు వెళ్లకూడదని. ఆ తీర్మానం రాసింది నేనే. కాబట్టి రోజూ వాకింగ్ అని రాశాను. నా డైరీల్లో అంతకుముందు అబద్ధం లేదు.

మార్చిలో ఆమెకు కొంచెం తెరపి వచ్చింది. ఆరు నిమిషాల నడక పరీక్షలో జనవరి కన్నా ఎక్కువ దూరం నడిచింది. స్నానాలగది భయం పోయింది. డాక్టరు స్కాన్ చూసి ఫైబ్రోసిస్ అలాగే ఉందన్నాడు. "కానీ ఆజీ భయపడటం మానేశారు. భయం తినే ఊపిరి మిగులుతుంది కదా," అన్నాడు. ఇంటికి వచ్చే ఆటోలో సుశీల చిన్నగా పాడింది. ఒక చరణం మొత్తం.

మా సంఘంలో జబ్బు నుంచి తేరుకున్నవారు కృతజ్ఞత కూటం పెట్టి సాక్ష్యం చెప్పడం ఆనవాయితీ. ఏప్రిల్ పన్నెండు, శనివారం, మా ఇంట్లో పెట్టాం. పాస్టరుగారి వాక్యం అయ్యాక సుశీల కుర్చీలోంచి లేవకుండానే చెప్పింది. ప్రార్థన చేసిన అందరికీ వందనాలు చెప్పింది. డాక్టరుకు, సునీతకు, నాకు చెప్పింది. తర్వాత శోభాతాయికి చెప్పింది. విహార్ గురించి దాచకుండా చెప్పింది.

"ఆడ నేను కండ్లు మూసుకుంట. వాళ్లు వాళ్ల ఊపిరి సూసుకుంటరు. నేను దమ్ము లోపటికి తీసుకుంట 'ప్రభువా' అంట. ఇడుసుకుంట 'కనికరించు' అంట. ఇంతకుముందు నా ప్రార్థన అంతా అడుగుడే. అడిగేటందుకు ఇప్పుడు దమ్ము లేదు. గీ రెండు మాటలే మిగిలినయ్. వాటితోనే దేవుడు నా దగ్గర కూసున్నట్టయింది."

ఎవరూ ఆమెన్ అనలేదు. సునీత చాయ్ తెచ్చింది.

ఏలియా సుశీలకు సొంత తమ్ముడు. వాళ్ల అమ్మ పోయాక అతన్ని పెంచింది సుశీలే. భార్య పోయాక ఏలియా మా ఇంటికి దగ్గర్లోనే ఒక్కడే ఉంటున్నాడు. సంఘ పెద్దల సభకు ఫిర్యాదు తెచ్చింది అతనే. అతనికి అక్క మీద కోపమని ఎవరైనా అనుకుంటే అది తప్పు. అతను ఆ వారమంతా ఉపవాసమున్నాడు. అక్క దేహం పోతోందని డాక్టర్లు చెప్పారు, ఆత్మ కూడా పోతుందేమోనని అతని దిగులు.

ఏప్రిల్ ఇరవై ఆరు, శనివారం, మందిరం గదిలో సభ. పాస్టరుగారు, ఏలియా, మరో ఇద్దరు పెద్దలు, నేను. సుశీలను కూడా పిలిచాం. ఏలియా వాదన తేలిక వాదన కాదు. మనసును ఖాళీ చేసుకోమని ఆ ధ్యానాలు చెబుతాయి, ఖాళీ ఇంట్లో ఎవడైనా దూరతాడు, మనకు వాక్యముంది, ప్రార్థన ఉంది, అవి చాలవని చెప్పినట్టు కాదా అన్నాడు. పైగా అక్కడ విగ్రహముంది. ఇవాళ ఒకరికి సరేనంటే రేపు పిల్లలకు ఏం చెబుతామని మరో పెద్ద అడిగాడు. పాస్టరుగారు కరీంనగర్ వైపు నుంచి వచ్చిన చిన్న వయసు మనిషి. ఆయనకు ఇటూ అటూ తేలలేదు. ఆ మౌనంలో కూర్చున్నప్పుడు మనసులో ఎవరున్నారన్నదే కదా ముఖ్యం అన్నారు గానీ గట్టిగా అనలేదు.

"ఖాళీ ఏడిది తమ్ముడా," అంది సుశీల. "ఊపిరే నిండనోళ్లకు ఖాళీ ఏముంటది? ఆ బొమ్మ దిక్కు నేను సూడనే లేదు. సూసినా, నా ప్రభువు గంత తొందరగ పారిపోతడా?"

ఏలియా ఆమె వైపు కాక నా వైపు తిరిగాడు. "బావా, నీకెరుకనా అక్క ఆడికి పోతున్నదని?"

గదిలో అందరూ నన్ను చూశారు. సుశీల కూడా.

"నేను వాకింగ్ అనుకున్న," అన్నాను.

ఆమె చీర కొంగు సర్దుకుంది.

మూడు నెలలు బల్ల నుంచి ఆపాలని, విహార్‌కు వెళ్లడం మానుకోవాలని తీర్మానించాం. మే, జూన్, జూలై. ఆగస్టులో తిరిగి చేర్చుకోవాలి. ఎనిమిది వరుసలు. నేను రాశాను, అయిదుగురం సంతకాలు పెట్టాం.

ఇంటికొచ్చాక అడిగింది. "నువ్వే రాసినవా?"

"రాసిన."

"అచ్చరాలు మంచిగ రాసినవా?" ఊపిరి కోసం ఆగి మళ్లీ అంది. "ఎనభై అడుగులేస్తె కూలబడేదాన్ని. వాకింగ్ ఏందయ్య?"

మర్నాటి నుంచి విహార్‌కు వెళ్లలేదు. నీ పెద్దరికం పోవద్దు అంది. శోభాతాయి వారం రోజులు పొద్దున్నే గేటు దగ్గరకొచ్చి నిలబడి, నేను రాదని చెయ్యి ఊపితే వెళ్లిపోయేది.

సుశీలను బల్ల నుంచి ఆపాలని రాశాం గానీ రొట్టె ఎవరు చేయాలో రాయలేదు. ఎవరికీ తోచలేదు. మే మూడు, శనివారం, సుశీల స్టూలు మీద కూర్చుని, ముక్కులో ఆక్సిజన్ గొట్టంతో, పిండి కలిపింది. భయం తగ్గినా జబ్బు ఆగలేదు; అప్పటికి ఇంట్లో గాలి నుంచి ఆక్సిజన్ తీసే కాన్సంట్రేటర్ మెషిన్ వచ్చింది. పొయ్యికి దూరంగా ఉండాలి కాబట్టి నేను పెనం దగ్గర నిలబడ్డాను, ఆమె గది గుమ్మంలోంచి ఎప్పుడు తిప్పాలో చెప్పింది. చల్లారాక అంచు తడిమి చూసింది. "మంచిగనే వచ్చింది," అంది.

ఆదివారం నేను అలవాటు ప్రకారం అరవై నాలుగు ముక్కలు కోశాను. పళ్లెం పట్టుకుని నడిచాను. ఆమె నాలుగో వరుసలో కిటికీ పక్కన కూర్చుంది. రెండు చేతులూ ఒళ్లో, అరచేతులు పైకి ఉన్నాయి. నేను ఆమె ముందుకు వచ్చినప్పుడు చేతులు మూసుకుంది. పళ్లెం పక్కామెకు అందించాను. చివరికి ఒక ముక్క మిగిలింది. ఆరాధన అయ్యాక గదిలోకి వెళ్లి, పద్ధతి ప్రకారం దాన్ని నేనే తిన్నాను.

ఆ మే నెల ఎండ చంద్రపూర్‌లో ఉన్నవాళ్లకు చెప్పనక్కర్లేదు. కరెంటు పోతే కాన్సంట్రేటర్ ఆగిపోయేది. సిలిండర్‌కు గొట్టం మార్చే రెండు నిమిషాల్లో ఆమె పెదాలు నల్లబడేవి. స్నానాలగది భయం మళ్లీ వచ్చింది. ఇంట్లోనే కళ్లు మూసుకుని కూర్చోవడానికి చూసేది. నేను పక్కన ఆక్సీమీటర్ పట్టుకుని కూర్చునేవాణ్ణి. ఒకసారి కళ్లు తెరవకుండానే, "నువ్వు అవుతలికి పో," అంది.

జూన్ ఒకటి, ఆదివారం. ఈసారి అరవై మూడు ముక్కలు కోశాను. ఆమె చిన్న సిలిండర్‌తో చివరి బెంచీ మీద కూర్చుంది. ఏమీ మిగల్లేదు. ఇంటికొచ్చాక, "ఈసారి లెక్క సరిగ్గ కోసినవ్," అంది. ఎలా తెలిసిందని నేను అడగలేదు. ఆరాధన అయ్యాక నేను గదిలోకి వెళ్లలేదు కదా.

జూలై రెండు, బుధవారం, జ్వరంతో సాచురేషన్ డెబ్బై నాలుగుకు పడింది. ఐ.సి.యు.లో చేర్చాం. అక్యూట్ ఎగ్జాసర్బేషన్ అన్నారు, ఉన్న జబ్బు ఒక్కసారిగా ముదరడం. హై ఫ్లో ఆక్సిజన్ పెట్టారు. "దో-తీన్ దిన్ దేఖ్తే హై," రెండు మూడు రోజులు చూద్దామన్నాడు డాక్టరు. సునీతను పక్కకు పిలిచి ఇంకా ఏదో చెప్పాడు.

గురువారం ఆమె కాస్త మాట్లాడింది. రెండు చెంచాల రవ్వ జావ మింగింది.

"ఈ ఐతారం బల్ల గదా," అంది.

పాస్టరుగారు పక్కనే ఉన్నారు. నన్ను బయటికి తీసుకొచ్చి, "పెద్దయ్యా, నేను ఇప్పుడే పోయి రొట్టె, ద్రాక్షరసం తెస్త. ఇచ్చేద్దం. సంఘానికి తర్వాత చెప్పుకోవచ్చు," అన్నారు.

నేను వద్దన్నాను. తీర్మానంతో ఆపినదాన్ని తీర్మానంతోనే ఎత్తివేయాలి, కార్యదర్శి భార్య కాబట్టి దొంగచాటుగా ఇచ్చారన్న మాట రాకూడదు అన్నాను. సభకు అయిదుగురూ కావాలి. ఏలియా బంధువుల పెళ్లికి కాజీపేట వెళ్లాడు, శనివారం వస్తాడు. శనివారం సాయంత్రం సభ, ఆదివారం ఉదయం బల్ల. అంతా క్రమంగా ఉంటుంది. పాస్టరుగారు సరేనన్నారు. నా వయసు ఆయనకు రెండింతలు.

లోపలికి వెళ్లి సుశీలకు అదే చెప్పాను. "సరే," అంది. తర్వాత, "ఒక్కసారి నాతోని కూసో. డబ్బ పక్కకు పెట్టి," అంది.

కుర్చీ దగ్గరకు లాక్కున్నాను. ఆమె నా అరచేతిలో తన వేలు పెట్టి, ఊపిరి తీసుకునేటప్పుడు ఒకసారి నొక్కింది, వదిలేటప్పుడు ఒకసారి. ఏ మాట ఎప్పుడో నాకు తెలుసు. కృతజ్ఞత కూటంలో అందరితో పాటు నేనూ విన్నాను. కానీ ఆమెతో కలిసి అనడం అదే మొదటిసారి. పది నిమిషాలు అయి ఉంటుంది. ఆ పది నిమిషాలు నా డైరీలో లేవు.

శుక్రవారం ఉదయం, గాలిని ఒత్తిడితో లోపలికి నెట్టే బైపాప్ మాస్క్ పెట్టారు. ముక్కు, నోరు కప్పి వెనక నుంచి పట్టీలతో బిగించారు. మంచం తల దగ్గర నోటి ద్వారా ఏమీ ఇవ్వకూడదని ఎన్.బి.ఎం. అని రాసిన అట్ట తగిలించారు. మంచినీళ్లు కూడా లేవు. మాస్క్ తీస్తే నిమిషంలో సాచురేషన్ పడిపోతుందని నర్సు చెప్పింది.

శనివారం ఏలియా బల్లార్‌షాలో రైలు దిగి నేరుగా హాస్పిటల్‌కు వచ్చాడు. అద్దంలోంచి అక్కను చూశాడు. సాయంత్రం అయిదింటికి మందిరం గదిలో సభ. తీర్మానాన్ని ఎత్తివేయాలని ప్రతిపాదించింది అతనే. రెండు నిమిషాల పని. నేను రాస్తుంటే నా చేతి వైపే చూస్తూ, "గీ రెండు నిమిషాల కోసం నన్ను ఎదురుసూసినవా బావా? ఫోన్ చేస్తె అయిపోతుండె గదా," అన్నాడు. ఫోన్ మీద సమ్మతి తీసుకునే పద్ధతి మాకు లేదు. ఇప్పుడుంది.

రేపటి రొట్టె తనే చేసి తెస్తానన్నాడు.

ఇది రాస్తున్నది మార్చిలో. సుశీల లేని తొమ్మిదో నెల. కార్యదర్శి పదవి, సంఘ పెద్దరికం రెండూ వదిలేశాను. వదిలే ముందు సభలో నిలబడి, నాకు విహార్ సంగతి మొదటి రోజు నుంచే తెలుసునని చెప్పి, ఆ మాట నా చేత్తోనే మినిట్స్‌లో రాశాను. నా డైరీలో ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా వాకింగ్ అన్న ప్రతి చోటా గీత కొట్టి విహార్ అని రాశాను. మూడు రోజులు పట్టింది.

కొన్ని నెలల తర్వాత పాస్టరుగారు తను దైవశాస్త్రం చదివిన సెమినరీ నోట్సులు పట్టుకుని మా ఇంటికి వచ్చారు. చాలా కాలం కింద ఎడారుల్లో ఒంటరిగా బతికిన క్రైస్తవ భక్తులు ఊపిరితో పాటు ఇలాంటి చిన్న ప్రార్థననే చెప్పుకునేవారని అందులో ఉంది. సుశీలకు ఆ సంగతి తెలియదు. మాకూ తెలియదు. తెలిసి ఉంటే ఏం చేసేవాళ్లమని నన్ను నేను అడుగుతాను. ఏలియా ఇప్పటికీ విహార్‌కు వెళ్లడం సరి కాదనే అంటాడు. నేను అతనితో వాదించను. విశ్వాసులు అలాంటి చోటికి వెళ్లవచ్చా కూడదా అన్నది తేల్చేవాణ్ణి నేను కాను. నేను మా ఇంట్లోనే పొద్దున పది నిమిషాలు ఆ రెండు మాటలతో కూర్చుంటాను. కొన్ని రోజులు కుదురుతుంది. కొన్ని రోజులు "వాకింగ్ అనుకున్న" అన్న నా గొంతే వినిపిస్తుంది. శోభాతాయి విహార్ నుంచి వస్తూ గేటు దగ్గర ఒక్క క్షణం ఆగుతుంది.

ప్రతి నెలా బల్లకు ముందటి శనివారం రొట్టె నేనే చేస్తున్నాను.

ఊపిరితిత్తుల జబ్బు మనిషిని చూసుకునేవారికి నేను చెప్పగలిగినది ఒక్కటి. మందులు, మెషిన్లు డాక్టర్లు చెబుతారు. మాస్క్ ఎప్పుడు పడుతుందో మాత్రం ఎవరూ ముందు చెప్పరు. అది పడ్డాక నోటికి ఏదీ అందదు, నోటి నుంచి మాట రాదు. కాబట్టి మనిషి మింగగలిగిన రోజునే, ఆమె ఏది అడిగితే అది, బల్ల గానీ జావ గానీ ఎవరినైనా చూడటం గానీ, ఆ రోజే ఇవ్వండి. ఎవరి అనుమతి కావలసి ఉన్నా తర్వాత తీసుకోండి.

సభ మర్నాటి సంగతి ఇంకా రాయలేదు. జూలై ఆరు, ఆదివారం. నా డైరీలో ఆ రోజు కింద టైము ఒక్కటే ఉంది.

ఏలియా పొద్దున్నే రొట్టె తెచ్చాడు. మందంగా ఉంది, ఒకవైపు అంచు మాడింది. "అక్క చేసినట్ల రాలే," అన్నాడు. అరవై నాలుగు ముక్కలు కోశాను. ఒక ముక్క తెల్ల గుడ్డలో చుట్టుకుని పాస్టరుగారు, నేను ఎనిమిదింటికి ఐ.సి.యు.కి వెళ్లాం. పాస్టరుగారు ఆమె చెవి దగ్గర ప్రార్థన చేసి, సంఘం నిన్ను చేర్చుకుంది అక్కా అని చెప్పి, ఆరాధన నడపడానికి వెళ్లిపోయారు. నర్సు ఎన్.బి.ఎం. అట్టను చూపించి, నా చేతిలోది చూసి, పక్కకు తప్పుకుంది.

నేను ఆ ముక్కను సుశీల అరచేతిలో పెట్టాను. కళ్లు తెరిచింది. బొటనవేలు నెమ్మదిగా రొట్టె అంచు మీద కదిలింది. మాడిన చోట ఆగింది. మాస్క్ వెనక ఆమె ముఖం ఎలా ఉందో నాకు కనిపించలేదు. తర్వాత ముక్కను రెండు వేళ్లతో నా చేతిలోకి తోసింది. నావల్ల కాదు అందో, నువ్వు తిను అందో నాకు తెలియదు. నేను ఆమె అరచేతిలో వేలు పెట్టి, ఊపిరికి రెండుసార్ల చొప్పున నొక్కుతూ కూర్చున్నాను. తొమ్మిది గంటల నలభై నిమిషాలకు నర్సు వచ్చి నా వేలిని పట్టుకుని ఆపింది.

సునీతను లోపలికి పంపి నేను కారిడార్‌లోకి వచ్చాను. గుడ్డలో ఆమె వంతు ముక్క అలాగే ఉంది. మిగిలినదాన్ని ఇంటికి తీసుకుపోకూడదు, పారేయకూడదు. ఆ రోజుకు నేను ఇంకా సంఘ పెద్దనే. గోడ పక్కన నిలబడి దాన్ని నోట్లో పెట్టుకున్నాను. మందంగా ఉంది. నమలడానికి చాలాసేపు పట్టింది.